మూడు గుమ్మాల పన్నెండో నంబరు

మా అక్క పెళ్ళి ఇంచుమించు జాతీయ రహదారి మీద జరగబోయింది. అందుకు కారణం తుఫాను కాదు, ఎన్నికలు కాదు, వియ్యాలవారి అలకలు కూడా కాదు. ఒక మధ్యాహ్నం ఏసీ గదిలో కూర్చుని, అల్లం టీ తాగుతూ, రెండు ముక్కలూ ఒక అంకే టైపు చేసి నేను సాధించిన ఘనకార్యమది. పెళ్ళిళ్ళు చెడగొట్టేవాళ్ళు ఊరికొకరు ఉంటారు. కానీ సొంత అక్క పెళ్ళికి హాలు లేకుండా చేసి, ముఖం తెలియని ఇంకో పెళ్ళికూతురికీ లేకుండా చేసి, మధ్యలో ఏ పాపమూ ఎరగని ఒక హాస్టల్ సాంబారుని కూడా తగువులోకి లాగినవాళ్ళు మాత్రం కృష్ణా జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

అప్పుడు నేను బెజవాడ గవర్నరుపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను. కింద మిఠాయి దుకాణం, పైన మేము. మా యజమాని ప్రసాద్ గారు. ఒకసారి రాసిన ప్రోగ్రామునే ముగ్గురికి అమ్మడం ఆయన వ్యాపార సూత్రం. మంగళగిరిలో ఒక చీరల దుకాణం, బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీ హాస్టలు, గన్నవరం రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు, ఈ మూడే మా ఖాతాదార్లు.

"బిల్లు కొట్టడం, తేదీ గుర్తుపెట్టుకోవడం, ఎవరన్నా తిడితే రాసుకోవడం. ఎవరికైనా ఇంతే కదమ్మా కావాల్సింది. చీరైతేనేం, పెళ్ళైతేనేం," అనేవారాయన.

అంచేత మా దగ్గర కోడంతా ఒకేచోట ఉండేది. దాన్ని రిపోజిటరీ అంటారు గానీ, మీరు ఉమ్మడి వంటిల్లు అనుకోండి. వంట ఒకటే, వడ్డన మూడు పంక్తులకి. ఫిర్యాదులు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఒక్కొక్కరికీ ఒక్కో ట్రాకర్ ఉండేది. అందులో ఫిర్యాదులకి ఒకటో నంబరు నుంచి వరసగా అంకెలు పడుతుండేవి. అంటే చీరల కొట్టుకీ ఒక ఐదో నంబరు ఉంటుంది, హాస్టలుకీ ఉంటుంది, పెళ్ళి హాలుకీ ఉంటుంది. ఈ సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు కాబట్టే ఇదంతా రాయాల్సి వచ్చింది.

కోడులో ఏదన్నా సరిచేసినప్పుడు, ఏం చేశామో ఒక్క వాక్యంలో రాసి ఆ ఉమ్మడి వంటింట్లో పెట్టాలి. దాన్ని కమిట్ అంటారు. ఆ తర్వాత ఏ ఖాతాదారు ఫిర్యాదో వాళ్ళ ట్రాకర్లోకి వెళ్ళి, అదే వాక్యం మళ్ళీ రాసి, "పరిష్కారమైంది" అని మూయాలి. మూయగానే ఫిర్యాదు చేసినవాళ్ళ ఫోనుకి ఆ వాక్యంతో సహా ఒక మెసేజి దానంతటదే వెళ్ళిపోతుంది. ఆఫీసులో అందరికంటే చిన్నదాన్ని గనక ఈ మూసే ఉద్యోగం నాకు దక్కింది. రాసిందే రాయడమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఇంపొజిషన్లు కూడా మా అక్క చేత రాయించినదాన్ని.

ఆ ఒళ్ళుమంటలోంచే ఒక రోజు నాకు జ్ఞానోదయమైంది. రిపోజిటరీని ట్రాకర్‌కి కలపొచ్చట! కమిట్ వాక్యం చివర "ఫిక్స్‌డ్" అని రాసి ఫిర్యాదు నంబరు వేస్తే చాలు, ట్రాకరే చదువుకుని, ఫిర్యాదు మూసేసి, మెసేజి పంపేస్తుందట. నేను వెంటనే మూడు ట్రాకర్లకీ మూడు తీగలు లాగేశాను. లాగేటప్పుడు ప్రతి దాంట్లోనూ ఒక డబ్బా కనిపించింది. నంబరు ముందు ఈ ఖాతాదారుకి ఏ గుర్తు వాడతారో రాయమని అడుగుతోంది. దాని కింద చిన్న అక్షరాల్లో "ఐచ్ఛికం" అని ఉంది. ఇంజనీరింగు నాలుగేళ్ళలో ఐచ్ఛికం అన్న ప్రశ్న జోలికి నేను ఏనాడూ పోలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు పోతాను?

"సార్, ఇక ఎవరూ ట్రాకర్లోకి వెళ్ళక్కర్లేదు," అన్నాను గర్వంగా. "ఇక్కడ కమిట్ కొడితే అక్కడ ఫిర్యాదు మూసుకుపోతుంది."

"ఎక్కడ?" అన్నారు ప్రసాద్ గారు.

"అక్కడే సార్."

"మనకి అక్కడలు మూడున్నాయి కదమ్మా."

"మూడింటికీ కలిపేశాను సార్. ఒక్క దెబ్బకి మూడు పిట్టలు."

"పిట్టల సంగతి సరే. దెబ్బ ఎవరికి తగులుతుందో చూసుకో," అని ఆయన బ్యాంకు పనిమీద బయటికి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు ఇలాంటి మాటలు అనేసి సరిగ్గా అప్పుడే ఎందుకు వెళ్ళిపోతారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక ఇంటి సంగతి. ఆ ఏడు శ్రావణంలో అక్క పెళ్ళి. నాన్న జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఏ పనైనా ముందుగా చేసే అలవాటు. అందరికంటే ముందు గన్నవరం రోడ్డులో హాలు మాట్లాడారు. తీరా చూస్తే అదే హాలు, అదే తేదీ, గుడివాడ వాళ్ళెవరికో కూడా ఇచ్చేశారు. నాన్న వెళ్ళి "ఆ తేదీ మాది" అని గొడవపడి ఫిర్యాదు రాయించారు. గుడివాడ వాళ్ళూ వచ్చి "ఆ తేదీ మాది" అన్నారు. హాలు మేనేజరు సాంబయ్య గారు రెండు ఫిర్యాదులూ కలిపి ఒకే నంబరు కింద ఎక్కించి, రెండు పార్టీల ఫోను నంబర్లూ దానికే తగిలించి, యజమాని ఊరినుంచి వచ్చాక తేలుస్తానని చేతులు దులుపుకున్నారు.

"కంప్యూటర్లు పెట్టుకున్నారు, ఒకే తేదీ ఇద్దరికి ఎలా ఇస్తారమ్మా?" అని నాన్న నన్నే అడిగారు, ఇంట్లో కంప్యూటరు మనిషిని నేనే గనక. ఆ కంప్యూటరు ప్రోగ్రాము మా ఆఫీసుదేనని నేను చెప్పలేదు. పెరుగన్నంలో మాగాయ కలుపుకుంటూ, "ఏమో నాన్నా, ఒక్కోసారి అంతే," అన్నాను. ఆఫీసులో చెబితే ఇంటి పని ఆఫీసులో పెట్టుకుందంటారని అక్కడా చెప్పలేదు. రెండు వైపులా నోరు మూసుకుని నేను చాలా తెలివైనదాన్ని అనుకున్నాను.

నాన్న ఊరుకునే మనిషి కాదు. మంగళగిరిలో ఒక కల్యాణ మండపం చూసుకునే ఆయన నాన్న పాత శిష్యుడు. ఆయనకి ఫోను చేశారు. "మాస్టారూ, ఆ రోజు మా మండపం ఖాళీయే. కానీ అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారండీ. ఇవాళ సాయంత్రం దాకా మీ కోసం ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు," అన్నాడాయన. గన్నవరం గొడవ సాయంత్రం లోపల తేలకపోతే మంగళగిరి ఖాయం చేసుకోవాలి. రెండూ పోతే ఆ శ్రావణంలో ఇంకో మంచి ముహూర్తమూ లేదు, ఇంకో హాలూ లేదు. మా అక్క అన్నం సరిగ్గా తిని చాలా రోజులైంది. పైకి ఏమీ అనదు, ఫోను మోగితే చాలు ఉలిక్కిపడేది.

సరిగ్గా ఆ రోజే, అంటే మంగళగిరి గడువున్న రోజే, మంగళగిరి చీరల దుకాణం వీరభద్రం గారు నాకు ఫోను చేశారు.

"అమ్మాయ్, ఆకుపచ్చ అంచు చీరకి బిల్లులో ఎరుపంచు అని పడతాందమ్మా. పొద్దున ఒకావిడ బిల్లు చూసుకుని, నాకు ఎర్రంచు చీర ఇవ్వలేదు, మోసం చేశారని కూర్చుంది."

"చీర ఆవిడ చేతిలోనే ఉందిగా వీరభద్రం గారూ?"

"చేతిలోనే ఉంది, కళ్ళెదురుగానే ఉంది. అయినా కాగితమే నమ్ముతానంటాంది. మంచినీళ్ళిచ్చాం, మజ్జిగిచ్చాం, లేవట్లా."

"ఆవిడ పేరు మీద ఫిర్యాదు రాయించండి, ఇప్పుడే చూస్తాను."

"రాయించా. పన్నెండో నంబరు."

చూశాను. చిన్న పొరపాటు. సరిచేశాను. వీరభద్రం గారికి ఏదైనా తెలుగులో, కాస్త సరదాగా రాస్తే ఇష్టం. అందుకని కమిట్‌లో ఇలా రాశాను: "అంచు రంగు సరిచేశాను. ఇక ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఫిక్స్‌డ్ 12."

నొక్కాను. ట్రాకర్లోకి వెళ్ళకుండానే పని పూర్తయింది. ఇంకో టీ తెప్పించుకున్నాను. సైన్సుకీ నాకూ ఉన్న అనుబంధం గురించి కాసేపు తృప్తిగా ఆలోచించుకున్నాను కూడా. తానొకటి తలిస్తే ట్రాకరొకటి తలుస్తుందని అప్పటికి నాకు తెలియదు.

టీ సగంలో ఉండగా హాస్టలు వార్డెన్ గారు ఫోను చేశారు. "ఏవండీ, సాంబారు నీళ్ళగా ఉంటాందని ఒక పేరెంటు కంప్లయింటు ఇచ్చాడు, మీకు తెలుసా?"

"తెలీదండీ."

"తెలీకుండానే దానికి సమాధానం పంపారా? అంచు రంగు సరిచేశాం, ఎన్నిసార్లు ఉతికినా పోదు అని వచ్చిందంట ఆయన ఫోనుకి. ఇక్కడే నిలబడి ఉన్నాడు. సాంబారుకి అంచేంటి, దాన్ని ఉతకటమేంటి అని అడుగుతున్నాడు. నేనేం చెప్పను?"

"అది... టెక్నికల్ అండీ."

"అదీ చెప్పా. టెక్నికల్ అయితే పిల్లల కంచాల్లో ఎందుకు పోస్తున్నారంటున్నాడు."

ఫోను పెట్టేసి వాళ్ళ ట్రాకర్ తెరిచాను. హాస్టలువాళ్ళ పన్నెండో నంబరు: సాంబారు. పరిష్కారమైంది. నేను "ఫిక్స్‌డ్ 12" అన్నాను, ఎవరి పన్నెండో అనలేదు. తీగలు మూడూ ఆ మాట విన్నాయి, మూడు ట్రాకర్లూ బుద్ధిగా తమ తమ పన్నెండుని మూసేశాయి. హాస్టలు మూసిందంటే మరి హాలు? హాలువాళ్ళ పన్నెండేమిటి? తెరుద్దామని చెయ్యి పెట్టేసరికి ఫోను మోగింది. నాన్న.

"హారికా! హాలు గొడవ తీరిపోయిందే!" నాన్న గొంతు అంత హుషారుగా నేను పరీక్ష ఫలితాలప్పుడు కూడా వినలేదు. "ఇప్పుడే మెసేజి వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని. హాలు మనకే!"

నా నోట్లో టీ అక్కడే ఆగిపోయింది. "ఇంకేమన్నా రాశారా నాన్నా అందులో?"

"ఏదో అంచు రంగు సరిచేశాం, ఉతికినా పోదు అని రాశారు. డెకరేషన్ గుడ్డల సంగతి అయ్యుంటుంది."

వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఉతికిన గుడ్డలే కడతారన్నమాట. శుభ్రత ఉన్న మనుషులు."

"నాన్నా," అన్నాను, "మంగళగిరి ఆయనకి మాత్రం ఇంకా ఏం చెప్పలేదు కదా?"

"చెప్పకుండా ఎట్లా ఉంటానమ్మా? పాపం మన కోసమని ఆపి ఉంచాడు. మెసేజి చూడగానే ఫోను చేసి వదిలేశా. ఎవరో గుంటూరువాళ్ళు కాచుక్కూర్చున్నారంట, అప్పటికప్పుడు తీసేసుకున్నారంట. మనవల్ల వాళ్ళకీ మంచే జరిగింది. ఇదుగో, అక్క మాట్లాడుతుందంట."

అక్క నవ్వుతూ వచ్చింది. "వచ్చేటప్పుడు కింద కొట్లో కాజాలు పట్టుకురావే. శుభలేఖలు రేపే అచ్చుకిస్తున్నాం," అంది. అక్క నవ్వు విని ఎన్నాళ్ళయిందో! నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, కొంగు లేదు కాబట్టి చున్నీతో తుడుచుకున్నాను. హాలువాళ్ళ ట్రాకర్లో పన్నెండో నంబరు నా కళ్ళ ముందే ఉంది: ఒకే తేదీ, రెండు పార్టీలు. పరిష్కారమైంది, ధన్యవాదాలు.

ఇక్కడ బుద్ధున్న మనిషైతే లేచి నిలబడి, నెమ్మదిగా ఆలోచించి, పెద్దవాళ్ళని అడిగి ఏదో ఒకటి చేస్తుంది. నేను వెంటనే ఇంకో కమిట్ కొట్టాను. "పొరపాటు. రీఓపెన్ 12."

అవును, మళ్ళీ గుర్తు లేకుండానే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో ఊడినవి మూడు ఇళ్ళ నాలుకలు. మూడు ట్రాకర్లూ మళ్ళీ బుద్ధిగా తెరుచుకున్నాయి. అందరి ఫోన్లకీ ఇంకో మెసేజి వెళ్ళింది: "మీ ఫిర్యాదు తిరిగి తెరవబడినది. వివరం: పొరపాటు. మీ సహనానికి ధన్యవాదాలు."

ముందు వీరభద్రం గారు పిలిచారు. "అమ్మాయ్, ఆవిడకి కొత్త బిల్లిచ్చి, దణ్ణం పెట్టి ఇప్పుడే బస్సెక్కించాం. మళ్ళీ ఏదో మెసేజి వచ్చిందంట. మధ్యలో దిగిపోయి వెనక్కొస్తాంది."

తర్వాత వార్డెన్ గారు. "సాంబారు తిరిగి తెరిచారంట కదా. ఈయన వంటింటి తలుపు దగ్గరకెళ్ళి నిలబడ్డాడు."

నాన్న మాత్రం పిలవలేదు. ఆయన పిలవలేదంటే బండి స్టార్టు చేశారని అర్థం.

ప్రసాద్ గారు బ్యాంకు నుంచి వచ్చేసరికి నేను బల్ల మీద తల పెట్టుకుని ఉన్నాను. జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఒకే వీధిలో ముగ్గురు సుబ్బారావులుంటే, ఇంటిపేరు రాయకుండా శుభలేఖ పంపుతామా అమ్మా?"

"గుర్తు రాయమని అడిగింది సార్. ఐచ్ఛికం అని ఉంది."

"స్నానం చేసి ఆఫీసుకి రమ్మని కూడా నీకెవరూ రాసివ్వలేదు. వస్తున్నావు కదా?"

"సార్, ఆ హాలులో పెళ్ళి..." అంతవరకే అనగలిగాను. "అది మా అక్కది సార్."

ఆయన ముఖంలో కోపమంతా ఏమైందో తెలియదు. "ముందే చెప్పొద్దా అమ్మా? లే, లే. తీగలన్నీ నేను పీకేస్తా. చీరకీ సాంబారుకీ నేను సమాధానం చెప్పుకుంటా. నువ్వు ఆటో ఎక్కు," అన్నారు. ఆయన మీద నాకు గౌరవం అప్పుడు కలిగింది, ఇంతవరకూ తగ్గలేదు.

ఆటో రామవరప్పాడు దాటేదాకా నేను మొక్కని దేవుడు లేడు. హాలుకి చేరేసరికి లోపల్నుంచి నాన్న గొంతు వీధిలోకి వినిపిస్తోంది. పక్కన అమ్మ. ఎదురుగా గుడివాడ పార్టీ. వాళ్ళకి నాయకురాలు పెళ్ళికూతురి మేనత్త రాజేశ్వరమ్మ గారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, సభకి అధ్యక్షత వహిస్తున్నట్టు కూర్చున్నారావిడ. మధ్యలో సాంబయ్య గారు చెమట తుడుచుకుంటున్నారు.

"ఇదుగో, పరిష్కారమైంది అని మాకు మెసేజి వచ్చింది," అన్నారు నాన్న ఫోను చూపించి.

"మాకూ వచ్చింది," అన్నారు రాజేశ్వరమ్మ గారు, తన ఫోను చూపించి. "అక్షరం తేడా లేదు. అంచు సంగతి కూడా ఉంది."

"ఆ తర్వాత పొరపాటు అని ఇంకోటి వచ్చింది!"

"అదీ మాకొచ్చింది. ఏవయ్యా సాంబయ్యా, మా అమ్మాయి పెళ్ళి పొరపాటా?"

"నేను పంపలేదండీ," అన్నారు సాంబయ్య గారు. "అవన్నీ పైనుంచి వచ్చాయి."

"పైనుంచంటే? తిరుపతి నుంచా?"

పైనుంచి పంపిన దేవత గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతోందని వాళ్ళకి తెలియదు. చెప్పేద్దామని రెండడుగులు వేశాను. నాన్న ముఖం చూసి ధైర్యం చాలక అమ్మ పక్కన ఒదిగి కూర్చున్నాను. నాన్న ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"చూడండమ్మా," అన్నారు నాన్న రాజేశ్వరమ్మ గారితో, గొంతు తగ్గించి. "మాకు మంగళగిరిలో మండపం దొరికింది. ఈ మెసేజి నమ్మి ఇందాకే వదిలేశాను. ఇప్పుడు ఇది కూడా లేదంటే మా పిల్ల పెళ్ళి నేను ఎక్కడ చెయ్యను?"

ఆవిడ సంచీలోంచి మరచెంబు తీసి నాన్నకి మంచినీళ్ళిచ్చారు. "ముందు కూర్చోండి మాస్టారూ. మేమూ ఉయ్యూరులో ఒకటి చూసుకుని ఇట్లాగే వదిలేశాం. ఇంతకీ మీ ముహూర్తం ఎప్పుడు?"

"ఆ రోజే కదండీ. గొడవంతా అదేగా."

"రోజు కాదండీ. వేళ."

"వేళా? పొద్దున. టిఫిన్లు కాగానే."

రాజేశ్వరమ్మ గారు తన వాళ్ళవైపు తిరిగారు. "మనది రాత్రి భోజనాలు కూడా అయ్యాక కదర్రా?"

ఇన్నాళ్ళుగా రెండు ఇళ్ళవాళ్ళూ తేదీ పట్టుకుని కొట్టుకున్నారు గానీ ముహూర్తం ఏ వేళకని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. మావైపు హాలు తీసుకుంటే పగలూ రాత్రీ కలిపి తీసుకోవడమే, సగం సగం ఎవరూ తీసుకోరు. అందుకే ప్రోగ్రాములో కూడా తేదీకి చోటుంది, వేళకి లేదు. ఈ చివరి ముక్క నేను చేరకముందు రాసింది. ఆ పాపాన్ని దయచేసి నా లెక్కలో వెయ్యకండి.

"అంటే మధ్యాహ్నం భోజనాలు పెట్టేసి మమ్మల్ని ఖాళీ చెయ్యమంటారా?" అన్నారు నాన్న. "గడియారం చూసుకుంటూ చేస్తారా పెళ్ళి?"

"ముహూర్తం అంటేనే గడియారం కదండీ," అన్నారావిడ. "మేము మాత్రం ముందురోజు నుంచీ దిగుదామనుకున్నాం. దిగం. సాయంత్రమే వస్తాం. మండపం ఒకటే కట్టిద్దాం, వంటవాళ్ళూ ఒకళ్ళే. పూలు మాత్రం మాకు తాజావి కావాలి, పొద్దుటివి వాడిపోతాయి."

నాన్న మెత్తబడలేదు. ఫోనులో అక్కని అడిగారు. అక్క ఒక్కటే అంది: "ఒక్క పూటకైతే ఏంటి నాన్నా? శుభలేఖ మీద వెయ్యడానికి ఒక అడ్రసుంటే చాలు." ఆ మాటకి నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత రాజేశ్వరమ్మ గారికి నమస్కారం పెట్టారు. సాంబయ్య గారు మాత్రం ఆ సంతోషంలో ఇద్దరికీ కలిపి ఒకే కూల్‌డ్రింకు తెప్పించి, ఇద్దరి చేతా తిట్లు తిన్నారు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. గుడివాడ చుట్టాలు సాయంత్రం రమ్మంటే మధ్యాహ్నానికే దిగి, మా పంక్తిలో కూర్చుని, మా వంటలకి వంకలు కూడా పెట్టారు. ఎవరు ఎవరివైపో తెలియక మేము అందరికీ మారు వడ్డించాం. అక్క మెడలో తాళి పడ్డాక నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇక ఎవరికీ ఏమీ తెలియదు, చరిత్ర ముగిసింది అనుకున్నాను. అప్పుడు ప్రసాద్ గారు భోజనానికి వచ్చారు. తెచ్చి నాన్న పక్కనే కూర్చోబెట్టింది నేనే!

"మాస్టారూ," అన్నారు ప్రసాద్ గారు పులిహోర కలుపుకుంటూ, నన్ను మెచ్చుకుందామన్న మంచి ఉద్దేశంతోనే, "ఆ రోజు ఆ మెసేజీలే పోకపోతే మీరూ గుడివాడవాళ్ళూ ఎదురుపడి మాట్లాడుకునేవాళ్ళే కాదు. అంతా మీ హారిక చలవే అండీ."

"మా హారికా?" అన్నారు నాన్న.

నేను సాంబారు గిన్నె పట్టుకుని ఇంకో పంక్తిలోకి జారుకోబోయాను.

"ఇట్లా రామ్మా," అన్నారు నాన్న. క్లాసులో వెనక బెంచీవాణ్ణి లేపే గొంతు. కొత్త బావగారితో సహా పంక్తిలో అందరూ తలెత్తారు. "ఆ మెసేజీలు నువ్వు పంపావా? అసలేం రాశావు?"

"చీరల కొట్టు సంగతి నాన్నా. సరిచేశాక, ఫిక్స్‌డ్ పన్నెండు అని రాశాను."

"పన్నెండు ఏంటి?"

"అంతే నాన్నా. పన్నెండు."

"పన్నెండు కేజీలా? పన్నెండు మీటర్లా? పన్నెండు వోల్టులా?"

నాన్న బావగారివైపు తిరిగారు. "చూశారా బాబూ. సర్వీసంతా ఊళ్ళో పిల్లలకి, జవాబు ఎంత కరెక్టయినా యూనిట్ రాయకపోతే సున్నా వేశాను. ఇంట్లో ఉన్నదానికి చెప్పటం మర్చిపోయాను. చెయ్యి పట్టమ్మా."

పట్టాను. బొట్టు పెట్టడానికి అటుగా వచ్చిన అమ్మ చేతిలోని కుంకుమ భరిణెలో, నాన్న నీళ్ళతో తడిపిన వేలు ముంచి, నా అరచేతి నిండా ఇంత సున్నా చుట్టారు. పంక్తి మొత్తం విస్తళ్ళ మీదికి వంగి నవ్వింది. రెండు పెళ్ళిళ్ళ చుట్టాలు కదా, నవ్వు కూడా రెండింతలు. అక్కయితే బావగారి పక్కన పీట మీద నుంచి పడబోయింది.

కుంకుమకి తడి తగిలితే అంత తేలిగ్గా పోదు. భోజనాలయ్యాక తీసిన గ్రూపు ఫోటోలో, ఫోటోగ్రాఫరు "అందరూ చేతులూపండి" అంటే నేనూ ఊపాను. ఇప్పుడు మా అక్క అత్తవారింట్లో హాలు గోడ మీద, నిలువెత్తు ఫ్రేములో, పెళ్ళికూతురి పక్కన ఎర్రటి సున్నా చూపిస్తూ నవ్వుతున్న పిల్లని నేనే. వచ్చిన ప్రతివాళ్ళూ అదేమిటని అడుగుతారు. బావగారు ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెబుతారు.

కాబట్టి ఆ ఫ్రేము సాక్షిగా, నవ్విన రెండు పెళ్ళిళ్ళ చుట్టాల సాక్షిగా, నేను గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. యూనిట్ లేని అంకెను ఈ చేత్తో రాయను, ఈ నోటితో పలకను. హోటల్లో "రెండు" అనను, "రెండు ఇడ్లీ, ఒక ప్లేటు" అంటాను. ఐచ్ఛికం అని రాసి ఉన్న డబ్బా ప్రపంచంలో ఎక్కడ కనబడినా నింపి తీరతాను, అది నాది కాకపోయినా సరే. ఈ మాట తప్పితే, రెండో అరచెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది, నాన్న వేలు ముంచడానికి సిద్ధంగానే ఉన్నారు.